లీటరుకు 15 నుంచి 21 దాకా: చిన్న కారు మైలేజీ పెంచుకున్న తీరు

ఆఫీసుకు పోను 23 కిలోమీటర్లు, రాను 23. నెలకు 24 రోజులు. అంటే నెల తిరిగేసరికి 1,100 కిలోమీటర్లు దాటుతుంది. నాది లీటరు ఇంజిన్, మూడు సిలిండర్ల పెట్రోలు కారు. ఐదు గేర్లు, చేత్తో వేసేవే. నా చేతికొచ్చేసరికే ఏడేళ్ల బండి. మీటరులో ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపించే ఆర్‌పీఎమ్ ముల్లు లేదు, ఇంజిన్ వేడి చూపించే ముల్లూ లేదు. ఇంజిన్ చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరి వేడెక్కితే ఎర్ర దీపం, అంతే.

కొన్న కొత్తలో ఈ బండి లీటరుకు 15 ఇచ్చేది. ఇప్పుడు 21 ఇస్తోంది. లెక్క వేస్తే నెలకు 21 లీటర్లు మిగులుతున్నాయి. నా ట్యాంకు పట్టేదే 35 లీటర్లు. ఇందుకోసం కొత్త పరికరమంటూ ఏదీ బిగించలేదు. ఏ పని చేస్తే ఎంత పెరిగిందో ఎప్పటికప్పుడు ఒక నోటుబుక్కులో రాసుకున్నాను కాబట్టి, అదే వరసలో చెప్తాను.

నాకు అర్థమైన అసలు సంగతి మాత్రం ముందే చెప్పేస్తాను. పెట్రోలు పోయే పెద్ద దారి బ్రేకు. కాలితో తొక్కే బ్రేకు ఒకటి. మనకు తెలియకుండా బండిని పట్టి ఆపుతూ ఉండే బ్రేకులు ఇంకొన్ని: గాలి తగ్గిన టైరు, వదలని బ్రేకు ప్యాడ్, వంకరగా తిరుగుతున్న చక్రం, ఎదురుగాలి. వీటిని ఒక్కొక్కటిగా వదిలించుకోవడమే మైలేజీ పెంచుకోవడం.

ముందు లెక్క

కొలవకుండా ఏది మార్చినా అది భ్రమే అవుతుంది. ట్యాంకు నింపించండి, నాజిల్ టక్కుమని మొదటిసారి ఆగగానే ఆపించండి. ట్రిప్ మీటరు సున్నా చేయండి. మళ్లీ నింపించేటప్పుడు అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, బండి అదే దిక్కున నిలిపి, మళ్లీ మొదటి టక్కుకే ఆపించండి. తిరిగిన కిలోమీటర్లను ఇప్పుడు పట్టిన లీటర్లతో భాగించండి. అది మైలేజీ.

మొదటి టక్కు మీద ఎందుకింత పట్టుదల అంటే, ఆ తర్వాత మూతి దాకా పోయిస్తే ఒకసారి అర లీటరు ఎక్కువ పడుతుంది, ఒకసారి తక్కువ. లెక్క చెడిపోతుంది. పైగా పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఒకటి ట్యాంకుకు కలిపి ఉంటుంది. అందులోకి పచ్చి పెట్రోలు పోతే అది పాడవుతుంది. 

ఒక్క ట్యాంకు చూసి సంబరపడకండి, దిగులూ పడకండి. 25 లీటర్లు పట్టేచోట ఒక్క లీటరు అటూఇటూ అయితేనే నాలుగు శాతం తేడా వస్తుంది. వరసగా మూడు ట్యాంకుల సగటు తీయండి. నాకు మొదటి మూడు 14.8, 15.6, 15.1 వచ్చాయి. సగటు 15.2. డ్యాష్‌బోర్డు మీద మైలేజీ చూపించే బండి అయినా ఈ లెక్క వేయండి. చాలా బండ్లలో ఆ తెర ఉన్నదానికంటే కాస్త ఎక్కువే చెప్తుంది.

ఇంకో మెలిక కూడా గుర్తుంచుకోండి. పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు లీటరుకు లీటరు చూస్తే పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. పది శాతం ఇథనాల్ కలిస్తే మైలేజీ సుమారు మూడు శాతం తగ్గుతుంది. కాబట్టి ఒక నెల ఒక రకం, ఇంకో నెల ఇంకో రకం పోయించి రెంటినీ పోల్చకండి. ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోలు పోయిస్తే మైలేజీ వస్తుందని చాలామంది నమ్ముతారు. ఆక్టేన్ అనేది పెట్రోలు తనంతట తాను ముందుగా అంటుకోకుండా ఎంత ఓర్చుకుంటుందో చెప్పే అంకె. అందులో అదనపు శక్తేమీ ఉండదు. మీ బండి పుస్తకంలో మామూలు పెట్రోలు చాలని రాసి ఉంటే అదే పోయించండి.

బండి తేలిగ్గా దొర్లుతోందా?

చదునైన, ఖాళీ స్థలంలో బండిని న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు దించండి. స్టీరింగు ముందు ఒకరు కూర్చోవాలి, వెనక నుంచి ఒకరు నెట్టాలి. చిన్న కారు ఒక మనిషి తోపుకు కదిలి, వదిలేశాక కూడా కొంచెం దూరం పోవాలి. నేను మా చెల్లెల్ని కూర్చోబెట్టి నెట్టాను. కదిలించడానికే కాళ్లు తన్నిపట్టి గట్టిగా నెట్టాల్సి వచ్చింది, చేయి తీయగానే ఆగిపోయింది. రోజూ 46 కిలోమీటర్లు ఇంజిన్ ఆ బరువును లాగుతోందన్నమాట.

మొదట టైర్లు చూశాను. డ్రైవరు తలుపు తీస్తే పక్కనున్న స్తంభం మీద చిన్న పట్టీ ఉంటుంది. ఎంత గాలి ఉండాలో దాని మీద రాసి ఉంటుంది. నా బండికి 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత అది). ఉన్నవి 22, 24, 21, 26. కంటికి నాలుగూ బాగానే కనిపించాయి. ఇప్పటి టైర్లు పది పీఎస్ఐ తగ్గినా చూడ్డానికి చదునుగా అయిపోవు. సొంతంగా ఒక గేజి కొనుక్కోండి, నెలకోసారి పొద్దున్నే బండి తీయకముందు కొలవండి. నాలుగైదు కిలోమీటర్లు తిరిగితే టైరు వేడెక్కి గాలి ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు చూసి సరిపోయిందనుకుంటే, చల్లారాక నిజానికి తక్కువే ఉంటుంది. ఏ చిల్లూ లేకపోయినా నెలకు ఒక పీఎస్ఐ దాకా తగ్గడం మామూలే. చలికాలం మొదలవగానే ఇంకాస్త పడిపోతుంది.

నాలుగు టైర్ల సగటు మీద ఒక్కో పీఎస్ఐ తగ్గుదలకు సుమారు 0.2 శాతం మైలేజీ పోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. నాకు దాదాపు పది తగ్గింది కాబట్టి రెండు శాతం. గాలి కొట్టించాక నా పుస్తకంలో 15.5 పడింది, ఆ లెక్కకు సరిగ్గా సరిపోయింది. ఇది చిన్న పెరుగుదలే. కానీ గాలి తగ్గిన టైరు అంచులు అరుగుతాయి, లోపల వేడెక్కుతుంది, తడి రోడ్డు మీద పట్టు పోతుంది. మైలేజీ కోసం కాకపోయినా ఇది చేసి తీరాల్సిన పని. అలాగని 33 రాసి ఉంటే 42 కొట్టించకండి. టైరు మధ్య భాగం మాత్రమే రోడ్డును తాకుతుంది, బ్రేకు వేసినప్పుడు బండి ఇంకా ముందుకు పోతుంది.

తర్వాత బ్రేకులు. ఇంటికి రాగానే దిగి, నాలుగు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి చూడండి. తాకొద్దు, కాలుతుంది. అంగుళం దూరంలో పెడితే చాలు. ముందు చక్రాలు వెనకవాటికంటే వేడిగా ఉండటం సహజం, ఎందుకంటే బ్రేకు పని ఎక్కువగా చేసేవి అవే. మీరు పోల్చాల్సింది ఎడమను కుడితో. నా బండికి ముందు ఎడమ చక్రం నుంచి సెగ కొట్టింది, కాలిన వాసన కూడా వచ్చింది. కుడిది గోరువెచ్చగా ఉంది.

మెకానిక్ చక్రం విప్పి చూశాడు. ప్యాడ్లను డిస్కుకు నొక్కే పట్టకారులాంటి బ్రేకు కాలిపర్ జరగడానికి ఉండే పిన్నులు రెండూ ఎండిపోయి బిగుసుకున్నాయి. మనం కాలు తీశాక కూడా ప్యాడ్ డిస్కును వదలడం లేదు. పిన్నులు శుభ్రం చేసి, బ్రేకులకు వాడే వేడిని తట్టుకునే గ్రీజు రాసి, రబ్బరు తొడుగులు కొత్తవి వేశాడు. మామూలు గ్రీజు రాయనివ్వకండి, అది కరిగిపోతుంది, రబ్బరును ఉబ్బిస్తుంది. వెనక డ్రమ్ములు కూడా విప్పించి, హ్యాండ్ బ్రేకు తీగ దించినప్పుడు పూర్తిగా వదులవుతోందో లేదో చూపించుకున్నాను.

అదే రోజు అలైన్‌మెంట్, అంటే చక్రాలు నేరుగా ఉండేలా సరిచేయించడం. ముందు టైరు మీద అరచేత్తో లోపలి నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి నిమరండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపం పళ్లలా తగిలితే ఆ చక్రం నేరుగా దొర్లడం లేదు, కొంచెం కొంచెం పక్కకు ఈడ్చుకుపోతోందని అర్థం. ఈ రెండు పనులయ్యాక మూడు ట్యాంకుల సగటు 16.4. మా చెల్లెలితో మళ్లీ తోపు పరీక్ష పెట్టాను. బండి ఒంటిచేత్తో కదిలింది.

వేడెక్కని ఇంజిన్

ఈ భాగం కాస్త ఎక్కువగా చెప్తాను, ఎందుకంటే నాలా ఎంతమంది ఇది తెలియకుండా నడుపుతున్నారో అనిపిస్తుంది.

చల్లగా ఉన్న ఇంజిన్‌లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. అందుకని ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు కావాల్సినదానికంటే ఎక్కువ పెట్రోలు చిమ్మిస్తుంది. ఆయిలు కూడా చిక్కగా ఉంటుంది కాబట్టి రాపిడి ఎక్కువ. ఈ అవస్థ తొందరగా దాటిపోవాలనే థర్మోస్టాట్ అనే చిన్న వాల్వు పెడతారు. ఇంజిన్ వేడెక్కేదాకా అది మూసుకుని, నీళ్లను రేడియేటరులోకి పోనివ్వదు. చాలా కార్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది.

నా బండిలో నీలం దీపం ఆరడానికి ఏడెనిమిది కిలోమీటర్లు పట్టేది. అది అలాగే ఉంటుందేమో అనుకున్నాను. ఒకరోజు, స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్టులో గుచ్చి ఫోనులో చూసుకునే ఓబీడీ స్కానరు తెచ్చి పెట్టాను. హైవే మీద గాలి బాగా తగులుతున్నప్పుడు ఇంజిన్ వేడి 63 డిగ్రీలు. సిగ్నలు దగ్గర ఆగితే 75. మళ్లీ కదిలితే 63. అది ఏడాది పొడవునా సగం చలిలోనే బతుకుతున్న ఇంజిన్!

విప్పిస్తే లోపల థర్మోస్టాట్ లేనేలేదు. నాకంటే ముందు ఎవరో ఎప్పుడో తీసేశారు. ‘ఇది తీసేస్తే బండి వేడెక్కదు, మంచిదే కదా’ అనే ఆలోచన అది. అది వేడెక్కడం మంచిదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. కొత్త వాల్వు, దాని రబ్బరు రింగు, కొత్త కూలెంట్ వేయించాను. మర్నాటి నుంచి మూడు కిలోమీటర్లకే నీలం దీపం ఆరిపోయింది, హైవే మీద 88 దగ్గర నిలకడగా నిలిచింది. మైలేజీ 17.9కి చేరింది. ఒక్క చిన్న వాల్వు లీటరుకు కిలోమీటరున్నర ఇచ్చింది.

మీ బండిలో ఆ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయినా ఇదే జరుగుతుంది. మామూలు వాతావరణంలో నీలం దీపం నాలుగైదు కిలోమీటర్లు దాటాక కూడా వెలుగుతుంటే చూపించుకోండి.

సాకెట్టు సంగతి వచ్చింది కాబట్టి ఆక్సిజన్ సెన్సరు మాట కూడా. సైలెన్సరు గొట్టంలో మిగిలిపోయిన ఆక్సిజన్‌ను చూసి పెట్రోలు పాళ్లు సరిచేసేది అదే. అది చెడితే కంప్యూటరు గుడ్డిగా పోస్తుంది. ఇలాంటి తీవ్రమైన లోపం ఒకటి సరిచేస్తే 40 శాతం దాకా మైలేజీ తిరిగి రావచ్చని ఆ ఇంధన శాఖే చెప్తోంది. కాబట్టి మీటరులో పసుపు రంగు ఇంజిన్ దీపం వెలిగితే, బండి బాగానే పోతోంది కదా అని నెలల తరబడి తిరగకండి.

మిగిలిన సర్వీసు పనులు నాకు పెద్దగా ఏమీ ఇవ్వలేదు. ప్లగ్గులు గడువుకు మార్చాలి. ఇంజిన్ ఆయిలు పుస్తకంలో రాసిన గ్రేడే పోయించాలి. ‘ఇంకాస్త చిక్కటిది పోస్తే ఇంజిన్‌కు మేలు’ అని ఎవరన్నా వినొద్దు. సరైన గ్రేడు వేస్తే ఒకటి రెండు శాతం వస్తుంది. ఎయిర్ ఫిల్టరు దుమ్ము పడితే మైలేజీ పడిపోతుందన్నది కార్బ్యురేటరు కాలపు మాట. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ కంప్యూటరు కొలిచి పెట్రోలు చిమ్మించే ఇంజెక్షన్ కార్ల మీద పరీక్షించి, ఫిల్టరు మూసుకుపోయినా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా లేదని, పికప్ మాత్రం తగ్గిందని తేల్చింది. ఇంజిన్ ఆయుష్షు కోసం మార్చండి, అంతే.

కాగితం మీద గీతలు

ఇక అసలు పని, మన పాదం. మా చెల్లెలు ఒకరోజు నాతో ఆఫీసు దాకా వచ్చింది. పక్క సీట్లో కూర్చుని, నేను బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఒక కాగితం మీద గీత గీయమన్నాను. 38 గీతలు. మధ్యలో ఒకచోట అది అడిగింది: “అక్కా, ఎర్ర లైటు అంత దూరం నుంచే కనిపిస్తోంది కదా, ఇంకా యాక్సిలరేటరు ఎందుకు తొక్కుతున్నావ్?” నాకు జవాబు దొరకలేదు. అలవాటు, అంతే.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. బండి, నేను కలిపి సుమారు 850 కిలోలు. గంటకు 60 వేగంలో ఉన్నప్పుడు బండిలో ఉండే శక్తి 118 కిలోజౌళ్లు. పెట్రోలు ఇంజిన్ తాగిన దాంట్లో ఊళ్లో తిరిగేటప్పుడు పావు వంతు చక్రాలకు చేర్చినా గొప్పే. ఆ లెక్కన బండిని ఆ వేగానికి తేవడానికి సుమారు 15 మిల్లీలీటర్ల పెట్రోలు పోతుంది. బ్రేకు తొక్కి ఆపితే ఆ 15 మిల్లీలీటర్లూ డిస్కుల మీద వేడిగా మారి గాలిలో కలుస్తాయి. 40 నుంచి ఆపితే ఆరేడు మిల్లీలీటర్లు. గీతలన్నీ లెక్కేస్తే, ఆఫీసుకు పోను తాగే లీటరుంపావులో పావు లీటరుకు అటూఇటూగా బ్రేకులకే అర్పిస్తున్నాను.

ఇంకో సంగతి గమనించండి. ఈ శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 60 నుంచి 30కి తగ్గితేనే నాలుగింట మూడు వంతులు పోయినట్టు. 30 నుంచి సున్నాకు పోయేది మిగిలిన పావు. కాబట్టి పూర్తిగా ఆగకపోయినా, వేగంగా వెళ్లి గట్టిగా సగానికి తగ్గించడమే పెద్ద నష్టం.

నేను చేసింది ఒక్కటే. ముందు బండి వెనక దీపాలను చూడటం మానేసి, దానికి ముందు మూడు నాలుగు బండ్లను, ఆ పైన సిగ్నలును చూడటం మొదలుపెట్టాను. ఎర్ర లైటు కనిపించగానే, అది ఎంత దూరంలో ఉన్నా, యాక్సిలరేటరు మీద నుంచి కాలు పూర్తిగా తీసేస్తాను. గేరు మాత్రం తీయను.

ఇక్కడ చాలామంది పొరపడతారు, నేనూ పొరపడ్డాను. న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుందనుకుంటాం. ఇంజెక్షన్ ఇంజిన్లలో నిజం దానికి తిరగబడి ఉంటుంది. గేరులో ఉండగా కాలు పూర్తిగా తీస్తే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి కాబట్టి కంప్యూటరు పెట్రోలు మొత్తం ఆపేస్తుంది. సుమారు 1,200 నుంచి 1,500 ఆర్‌పీఎమ్‌కు దిగేదాకా ఒక్క చుక్క కూడా పోదు. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. పైగా పల్లంలో న్యూట్రల్ చేస్తే బరువంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. పల్లంలో ఇంజిన్ ఆపడం ఇంకా ప్రమాదం: బ్రేకుకు ఊతమిచ్చే బూస్టరు పనిచేయదు, స్టీరింగు బిగుసుకుంటుంది, తాళంచెవి తిప్పితే లాక్ కూడా పడొచ్చు. ఎంత మైలేజీ వచ్చినా ఆ పని చేయకండి.

కాలు తీసి దొర్లుకుంటూ పోతే చాలాసార్లు నేను చేరేలోపే సిగ్నలు పచ్చగా మారుతుంది. పదిహేను వేగంలో అయినా బండి కదులుతూ ఉంటే, సున్నా నుంచి మళ్లీ లాగాల్సిన పని తప్పుతుంది. వెనక వచ్చేవాళ్లకు మొదట్లో చిరాకు. అందుకని బండ్లు ఒత్తుగా ఉన్నప్పుడు మరీ ముందుగా కాలు తీయను, వాళ్ల దారికి అడ్డం పడటం నాకు ఇష్టం లేదు. రెండు నెలల తర్వాత అదే దారిలో చెల్లెలు మళ్లీ గీతలు గీసింది. 14.

ముందు బండికి దూరం పాటిస్తేనే ఇదంతా కుదురుతుంది. అతుక్కుని పోతే వాళ్లు బ్రేకు వేసిన ప్రతిసారీ మనమూ వేయాల్సిందే. గాలి తగలకుండా లారీ వెనకే దగ్గరగా పోతే మైలేజీ వస్తుందన్న మాట నిజమే కావచ్చు, కానీ ఆ లారీ ఆగితే మనకు ఆగే చోటుండదు. నేను ఆ జోలికి పోను.

గేర్ల దగ్గర ఇంకో అపోహ ఉంది. మైలేజీ కోసం యాక్సిలరేటరును అసలు తొక్కీ తొక్కనట్టు తొక్కాలని. అలా చేస్తే బండి కింది గేర్లలోనే చాలాసేపు ఉండిపోతుంది. పెట్రోలు ఇంజిన్‌లో గాలి లోపలికి పోయే దారికి ఒక రేకు అడ్డం ఉంటుంది. మనం తక్కువ తొక్కితే అది దాదాపు మూసుకుని ఉంటుంది, ఇంజిన్ సన్నని గొట్టంతో ఊపిరి పీల్చుకున్నట్టు అవస్థ పడుతుంది. ఆ పీల్చే కష్టానికీ పెట్రోలే ఖర్చు. కాబట్టి మధ్యస్థంగా, ధైర్యంగా తొక్కి, తొందరగా పై గేరుకు పోవాలి. నా బండిలో ముల్లు లేదు కాబట్టి వేగంతో గుర్తుపెట్టుకున్నాను: 15 దగ్గర రెండు, 30కి మూడు, 42కి నాలుగు, 55కి ఐదు. చదును రోడ్డు మీద, నేనొక్కదాన్నే ఉన్నప్పటి మాట ఇది. నలుగురు ఎక్కినా, ఎత్తు ఎక్కుతున్నా ఇంకాస్త ఆలస్యంగా మార్చాలి. బండి దడదడలాడితే వెంటనే గేరు దించండి. అలా ముక్కుతూ నడిపితే పెట్రోలూ మిగలదు, ఇంజిన్‌కూ దెబ్బ. హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టడం, క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి ఉంచడం పూర్తిగా మానేయండి.

నా దారిలో 9 కిలోమీటర్లు హైవే. అక్కడ 95, 100లో పోయేదాన్ని. ఇప్పుడు 75. గాలి ఎదురు తోపు కూడా వేగం వర్గాన్ని బట్టే పెరుగుతుంది. 75తో పోలిస్తే 100 దగ్గర అది 1.78 రెట్లు. చిన్న కార్లలో ఐదో గేరు కూడా పొట్టిదే కాబట్టి ఇంజిన్ చప్పుడు కూడా పెరిగిపోతుంది. 9 కిలోమీటర్లకు నేను పోగొట్టుకునే సమయం రెండు నిమిషాల లోపే. పొద్దున రెండు నిమిషాలు ముందు బయల్దేరితే చాలు.

ఆగి ఉన్నప్పుడు లీటరు ఇంజిన్ గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగుతుంది. అంటే నిమిషానికి పది మిల్లీలీటర్లు. ఒకటిన్నర నిమిషం సిగ్నలు దగ్గర నిలబడటం, బండిని 60 దాకా లాగడం, రెండూ ఒకటే ఖర్చు. పది సెకన్లకు మించి ఆగేటట్టయితే ఇంజిన్ ఆపేయడమే లాభం. నేను మాత్రం అర నిమిషం కంటే ఎక్కువని తెలిసిన సిగ్నళ్ల దగ్గరే ఆపుతాను. రాత్రిపూట, బ్యాటరీ పాతబడినప్పుడు ఆపను. పొద్దున్నే స్టార్ట్ చేసి నిలబెట్టి వేడి చేయాల్సిన పని కూడా లేదు. అర నిమిషం చాలు, తర్వాత మొదటి రెండు కిలోమీటర్లు మెల్లగా నడిపితే ఇంజిన్ అంతకంటే తొందరగా వేడెక్కుతుంది. సాయంత్రం చేరుకున్నాక, ఇంజిన్ వేడిగా ఉండగానే రివర్స్ చేసి ముఖం బయటికి ఉండేలా నిలుపుతాను. పొద్దున చల్లని ఇంజిన్‌తో వెనక్కీ ముందుకూ తిప్పే పని తప్పుతుంది. చిన్న చిన్న పనులు విడివిడిగా కాకుండా ఇంటికొచ్చే దారిలోనే చూసుకుంటాను, అదీ ఇందుకే.

ఏసీ, బరువు, మిగతావి

చిన్న ఇంజిన్‌కు ఏసీ చిన్న బరువేం కాదు. నెమ్మదిగా పోయేచోట కంప్రెసరు లాగే శక్తి, బండి నడవడానికి కావాల్సిన శక్తితో పోటీ పడుతుంది. అందుకని ఎండలో నిలిపిన బండిలోకి ఎక్కగానే ఏసీ వేయకండి. అద్దాలు దించి ఒక నిమిషం నడపండి. లోపలి సెగ బయటికి పోతుంది. తర్వాత అద్దాలు ఎత్తి, బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరిగే మీట పెట్టి ఏసీ వేయండి. ఊళ్లో నెమ్మదిగా వెళ్లేటప్పుడు అద్దాలు దించుకుంటే చాలు. హైవే మీద మాత్రం దించిన అద్దాలు గాలిని పట్టి బండిని వెనక్కి లాగుతాయి, అక్కడ ఏసీయే నయం. ఉక్కలో చెమటలు కక్కుతూ నడిపి మైలేజీ తెచ్చుకోమని నేను చెప్పను. అలసిన డ్రైవరు చేసే తప్పు ఏ లెక్కకూ అందదు.

డిక్కీ ఖాళీ చేశాను. 30 కిలోల దాకా అక్కర్లేని సామాను దిగింది. 45 కిలోలకు ఒక శాతం అని లెక్క కాబట్టి ఇది పెద్ద విషయం కాదు. స్టెప్నీ, జాకీ మాత్రం దించకండి. పైన క్యారియరు ఉంటే వాడని రోజుల్లో విప్పేయండి, హైవే మీద అది బరువుకంటే ఎక్కువ తింటుంది.

పెట్రోలు పైపుకు బిగించే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు, సాకెట్టులో గుచ్చే బిళ్లలు కొనకండి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇలాంటివి వందకు పైగా పరిశీలించింది. ఉపయోగపడినవి చాలా కొద్ది, అవి కూడా స్వల్పంగానే. ఆ డబ్బుతో గాలి గేజి, స్కానరు రెండూ వస్తాయి.

పాదం పద్ధతి మారాక నాలుగు నెలల సగటు 20.9, 21.3, 20.6, 21.2. తర్వాత నెల ఉన్నట్టుండి 20.1 పడింది. అన్నీ మళ్లీ వెతికాను. గాలి సరిగ్గా ఉంది, చక్రాలు చల్లగా ఉన్నాయి, 88 డిగ్రీలూ నిలిచాయి. చివరికి తట్టింది: ఆ నెలే నాలుగు టైర్లూ కొత్తవి వేయించాను. అరిగిన టైరు చుట్టుకొలత తక్కువ. అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటరు ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. కొత్త టైరుకు చుట్టుకొలత ఎక్కువ కాబట్టి మీటరు తక్కువ చూపిస్తుంది. దీనికి తోడు కొత్త టైరు రబ్బరు మందంగా ఉండి దొర్లడానికి కొంచెం ఎక్కువ బలం అడుగుతుంది. రోజూ నా గేటు నుంచి ఆఫీసు గేటు దాకా మీటరు 23.0 చూపించేది, కొత్త టైర్లతో 22.6 చూపిస్తోంది. రోడ్డేమీ పొట్టిగా కాలేదు కదా! మీరూ టైర్లు మార్చేముందు రోజూ తిరిగే దారి దూరం ఒకసారి రాసిపెట్టుకోండి. మార్చిన మర్నాడు మళ్లీ చూసి, ఆ తేడాను కలుపుకున్నాకే కొత్త మైలేజీ రాయండి. నాకు అలా కలిపితే 20.5 వచ్చింది, ఈ టైర్లు అరిగేకొద్దీ ఆ మిగతాది కూడా తిరిగి వస్తోంది.